బయటివైపు గడియ

ఉదయం ఏడున్నరకు ఫోన్ మోగింది. మేస్త్రి అప్పుడే టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. స్కూలు ప్రిన్సిపాల్ అని కనబడగానే గ్లాసు పక్కన పెట్టి, లేచి నిలబడి మరీ మాట్లాడాడు. మనం నిలబడ్డామో కూర్చున్నామో ఫోనులో కనబడదని అతనికి తెలియక కాదు. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు అతని కాళ్ళు వాటంతటవే లేస్తాయి.

"అలాగే సార్... తప్పకుండా సార్... పదింటికల్లా అక్కడుంటాను సార్."

ఫోన్ జేబులో వేసుకుని ఇంటిల్లిపాదికీ వినబడేలా ప్రకటించాడు. "మన పార్టిషన్ తలుపు ఊడిందట. సారు స్వయంగా ఫోన్ చేశారు. ఇంతమంది వడ్రంగులున్నా నన్నే పిలుస్తారు చూడండి."

"నువ్వు బిగించింది ఊడితే నిన్ను కాక ఇంకెవర్ని పిలుస్తార్రా?" అంది మంచం మీంచి అతని తల్లి.

అతని భార్య నవ్వు ఆపుకుంటూ టిఫిన్ డబ్బాలు సర్దింది. ఆమె బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే లైనులో పనిచేస్తుంది. రోజంతా కాలర్లే చూసీ చూసీ, ఎవరెదురైనా ముందు మెడ చూసి తర్వాత ముఖం చూస్తానని తనమీద తనే జోకులేసుకునే మనిషి.

"నేను బిగించింది ఊడదమ్మా, ఎవరో ఊడగొట్టుంటారు. ఆ పార్టిషన్ వెనకాల ఉండేదంతా తుక్కు సరుకే కదా," అన్నాడు మేస్త్రి, టీ అందుకుంటూ.

ఆ మాట అనడం అతనికి మొదటిసారి కాదు. రెండు నెలల క్రితం బడికి సెలవులిచ్చినప్పుడు ప్రిన్సిపాల్ పిలిపించి, పై అంతస్తులో పదో తరగతి హాలును రెండుగా విడగొట్టమన్నాడు. ముందు భాగం పెద్దది, బాగా చదివేవాళ్ళకు. వెనక భాగం చిన్నది, పరీక్ష గట్టెక్కరని తేలిపోయినవాళ్ళకు. "వీళ్ళ వల్ల వాళ్ళు పాడైపోతున్నారు మేస్త్రీ. శబ్దం కూడా ఇటు రాకూడదు," అన్నాడు. మేస్త్రి రెండు ప్లైవుడ్ పలకల మధ్య స్పాంజి కూరి, గోడలాంటి పార్టిషన్ నిలబెట్టాడు. తలుపుకి గడియ ఎటువైపు పెట్టమంటారని అడిగితే, బయటివైపు పెట్టమన్నారు. పెట్టాడు. ఎనిమిదంగుళాల స్టీలు గడియ. ఆ నాలుగు రోజులూ ఇంటికొచ్చి తన పనితనం గురించి గొప్పలు పోయాడు. పోతూ పోతూ వెనక గదిలో కూర్చోబోయే పిల్లల మీద కూడా నాలుగు జోకులు వేశాడు. అందరూ నవ్వారు. కూతురు కూడా నవ్వింది, లేదా నవ్విందని వాళ్ళనుకున్నారు.

ఆ కూతురికి పదిహేనేళ్ళు, అదే బడిలో పదో తరగతి. మాటలు వచ్చినప్పట్నుంచీ నోటికి తాళం లేకపోవడంతో వసపిట్ట అని పిలిచేవాళ్ళు. రానురానూ పిట్ట మిగిలింది. ఈ రెండేళ్ళలో మాటలు కూడా తగ్గిపోయాయి. పెద్దదవుతోంది, బుద్ధిమంతురాలవుతోంది అని తల్లిదండ్రులు సంతోషించారు. పిల్లలు నోరు మూసుకుంటే చాలు, బాగుపడిపోతున్నారని సంబరపడే ఇళ్ళు లోకంలో చాలా ఉన్నాయి. ఇదీ వాటిలో ఒకటి.

పిట్ట గోడవారగా కూర్చుని బూటు తొడుక్కుంటోంది. కుడి కాలు ఎంతకీ బూటులో దూరడంలేదు.

"ఏమైందే కాలికి? రాత్రి కూడా కుంటుతూ నడిచావు," అంది నానమ్మ.

"బాత్రూంలో జారాను."

"చూడనీ."

"ఏం లేదు నానమ్మా." పళ్ళు బిగించి బూటు లాక్కుంది. లేచి, తండ్రి దగ్గరకొచ్చి నిలబడింది. "నాన్నా, ఇవాళ మా స్కూలుకి రావద్దు."

"ఎందుకే?"

"ఊరికే. రేపు రా. లేకపోతే సాయంత్రం రా, అందరం వెళ్ళిపోయాక."

"నాన్న పనిముట్ల పెట్టె పట్టుకొస్తే నీకు నామోషీనా?" అని వెక్కిరించాడు. పిట్ట కాసేపు నీళ్ళు నమిలి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. మేస్త్రి కాస్త చిన్నబుచ్చుకున్నాడు. కాసేపే. సారు పిలిచారన్న సంతోషం అంతకంటే పెద్దది.

*

పదింటికి బడి మెట్లెక్కాడు. ప్యూన్ ముందు నడిచాడు. హాలు ముందు భాగంలో నాలుగు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ముప్ఫై మందికి పైగా పిల్లలు వరసలు తప్పకుండా కూర్చుని లెక్కలు చేస్తున్నారు. టీచరు తలెత్తి చూసి, తొందరగా కానివ్వు అన్నట్టు చెయ్యి ఊపింది.

తలుపు ఒక్క పై మడతబందు మీదే వేలాడుతోంది. కింది బందు స్క్రూలతో సహా పెళ్ళగించుకుని వచ్చేసింది. గడియ మాత్రం చెక్కుచెదరలేదు. మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. లోపలివైపు, నేలకు అడుగెత్తున, ప్లైవుడ్ పలక గుంటలు పడి ఉంది. బూటు గుర్తులు. ఒకేచోట పది, పదిహేను తన్నులు. పాదం చిన్నది. ఎవడో పోకిరి వెధవ అనుకుని, లోపలికి తొంగిచూశాడు.

పదకొండు మంది పిల్లలు. ఫ్యాన్ లేదు. నీళ్ళ ట్యాంకుల వైపు ఒకే ఒక్క కిటికీ. ఒక మూల పగిలిన గ్లోబు, కాళ్ళు విరిగిన బల్లలు, పాత అట్టపెట్టెలు. టీచరు కూడా లేదు. బోర్డు మీద ఒక జవాబు రాసి ఉంది, దాని కింద 'యాభై సార్లు' అని ఉంది. అందరూ తల దించుకుని రాస్తున్నారు. రెండో బల్ల మీద గోడవైపు కూర్చున్న అమ్మాయి తలెత్తింది.

పిట్ట.

మేస్త్రి చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. తన కూతురు ముందు హాల్లోనే ఉంటుందని నమ్మినవాడు, ఇదేదో పొరపాటనుకున్నాడు. ఏదో పనిమీద ఇటు వచ్చి కూర్చుందేమో అనుకున్నాడు. కానీ ఆ పిల్ల కళ్ళలో ఆశ్చర్యం లేదు. ఈ క్షణం వస్తుందని పొద్దుటినుంచీ ఎదురుచూసినట్టుంది. ఒక్కసారి చూసి తల దించేసుకుంది.

"ఏంటి మేస్త్రీ, కష్టమా?" అన్నాడు ప్యూన్.

"కాదు కాదు."

మా అమ్మాయి అనాల్సింది. ఈ గదిలో ఎందుకుందని అడగాల్సింది. కనీసం పేరు పెట్టి పిలవాల్సింది. అతను వీటిలో ఏదీ చెయ్యలేదు. ప్యూన్ ముందు, ఆ టీచరు ముందు, ఆ ముప్ఫై మంది ముందు అతనికి తల కొట్టేసినట్టయింది. సిగ్గుతో చేతులు వేగంగా కదిలాయి. పాత కన్నాల్లో చెక్కపేళ్ళు జిగురుతో దిగ్గొట్టాడు. ఈసారి రెండింతల పొడవు స్క్రూలు తీశాడు. బందులు రెండు చాలవని మధ్యలో మూడోది కూడా బిగించాడు. తలుపు మూసి, గడియ వేసి, భుజంతో రెండుసార్లు గట్టిగా తోసి చూశాడు. కదల్లేదు.

"ఇక ఏనుగు తన్నినా ఊడదు," అన్నాడు.

పని అయ్యాక ప్రతి ఇంట్లోనూ అనే మాటే అది. ఇరవై ఏళ్ళ అలవాటు. అన్నాక, గడియ తీసి తలుపు తెరిస్తే, రెండో బల్ల మీది పిల్ల ఇటే చూస్తోంది. మేస్త్రి పెట్టె సర్దుకుని మెట్లు దిగాడు.

కింద ప్రిన్సిపాల్ కుర్చీ చూపించాడు. పెద్ద గొంతుతో మాట్లాడే మనిషి కాదు. ఎప్పుడూ నెమ్మదిగా, మర్యాదగా, ఎదుటివాడి మేలు కోరుతున్నట్టే మాట్లాడతాడు.

"కూర్చోండి మేస్త్రీ. మీరు పైన చూసే ఉంటారు. మీకెలా చెప్పాలా అని రెండు రోజులుగా మథనపడుతున్నాను. తలుపు పగలగొట్టింది మీ అమ్మాయే."

మేస్త్రి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"వేరేవాళ్ళ పిల్లయితే ఈపాటికి కథ వేరేగా ఉండేది. మీరు మా మనిషి. ఇదిగో, ఈ మార్కులు చూడండి. మీ ఆవిడ సంతకాలున్నాయి, మీకు తెలియకుండా ఉండదు." కార్డు ముందుకు జరిపాడు. కార్డు నిండా ఎర్రసిరా. సంతకం భార్యదే, కానీ భార్యది కాదు. ఆమె తన పేరు చివర తోక గీయదు.

"మన బడికి పదకొండేళ్ళుగా నూటికి నూరు ఫలితం. ఒక్క పిల్ల తప్పినా ఆ మాట పోతుంది. పరీక్ష రాసేవాళ్ళ జాబితా రేపు మధ్యాహ్నం పంపాలి. పాప ఇప్పుడు రాసి తప్పితే మనసు విరిగిపోతుంది. ఇప్పుడు మానేసి, తర్వాత తీరిగ్గా ప్రైవేటుగా రాసుకుంటే మంచిది. మిగతా పదిమంది తల్లిదండ్రులూ అర్థం చేసుకున్నారు." ఒక కాగితం తీశాడు. కుటుంబ కారణాల వల్ల మా అమ్మాయిని బడి మాన్పిస్తున్నాం అని టైపు చేసి ఉంది. కింద ఖాళీ.

"సార్, ఒక్కసారి ఇంట్లో..."

"తలుపు సంగతి నేను మర్చిపోతాను మేస్త్రీ. మీరు నా మీద గౌరవం ఉంచండి."

సారు కోప్పడలేదు. కుర్చీ వేశారు. పెన్ను కూడా మూత తీసి ఇచ్చారు. మేస్త్రి సంతకం పెట్టాడు. తలుపు ఎందుకు తన్నింది అని మాత్రం అడగలేదు.

*

సాయంత్రం నాలుగున్నరకు పెద్దవాళ్ళు ముగ్గురూ ఇంట్లో ఉన్నారు. మేస్త్రి చొక్కా విప్పకుండా అలాగే కూర్చున్నాడు. భార్య ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. పిట్ట లోపలికి వచ్చి సంచీ కింద పెట్టింది.

"ఆ సంచీ రేపట్నుంచి అక్కర్లేదు," అన్నాడు మేస్త్రి. "బడి మాన్పించేశాను."

"ఏంటీ?" భార్య చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నీ కూతుర్నడుగు. తుక్కు గదిలో కూర్చుంటోంది మహాతల్లి. రెండు నెలలుగా! నీ సంతకం కూడా తనే పెట్టేసుకుంటోంది. పైగా తలుపు తన్ని విరగ్గొట్టింది. నేను చేసిన తలుపు! నా పరువు తీయడానికే పుట్టావే నువ్వు."

భార్య చెంబు దించి కూతురి దగ్గరకొచ్చింది. "నా సంతకం పెట్టావా?"

పిట్ట తలూపింది.

చెంప ఛెళ్ళుమంది. కొట్టాక తల్లికే ఏడుపొచ్చింది. "చదువు రాకపోతే రాలేదని చెప్పొచ్చు కదే! నేనేమన్నా నిన్ను నరుకుతానా?"

పిట్ట చెంప తడుముకోలేదు, ఏడవలేదు. అలా నిలబడడం బడిలో బాగా నేర్పినట్టున్నారు.

"మాట్లాడవేంటి? తలుపు ఎందుకు తన్నావు?" అని గద్దించాడు మేస్త్రి.

అప్పుడు మంచం మీంచి ముసలావిడ లేచింది. గోడ పట్టుకుంటూ వచ్చి, మనవరాలి ముందు కూలబడి, ఆ పిల్ల వద్దంటున్నా బూటు లాగి, మేజోడు తీసింది. పాదం నల్లగా కమిలి, బొటనవేలి గోరు సగం ఊడి, చీలమండ దాకా వాచిపోయి ఉంది.

"ఒరేయ్, ఇటు రా. చూడు. ఇంత దెబ్బ తగిలాక కూడా తన్నుతూనే ఉందంటే సరదాకి తన్నిందంటావా? మూడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు చీమను తొక్కానని గంట ఏడ్చిందిరా ఇది."

పిట్ట తన కాలు తనే చూసుకుంది. తర్వాత నోరు విప్పింది.

"మొన్న తనిఖీకి ఆఫీసరు వచ్చారు. మమ్మల్ని చూపించకూడదని గది మూసేశారు. ఇది సామాన్ల గది అని చెప్పారట. సంచీలు ముందు హాల్లోనే ఉంచమన్నారు. శబ్దం చేస్తే టీసీ ఇచ్చేస్తాం అన్నారు. గడియ పెట్టారు."

"ఎంతసేపు?" అంది తల్లి.

"రెండు పీరియడ్లు. సోడాకి ఆయాసం వచ్చింది." సోడా అంటే పిట్ట పక్కన కూర్చునే పిల్ల. సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకుంటుంది, అందుకని ఆ పేరు. వాళ్ళమ్మ కూరగాయల బండి తోస్తుంది. "దాని ఇన్‌హేలర్ సంచీలో ఉంది. సంచీ అటుపక్క ఉంది. తలుపు కొట్టాం. పిలిచాం. అటుపక్క టీచరు వాళ్ళందర్నీ గట్టిగా చదవమంది."

"అంటే?"

"మేం కొట్టేది ఆఫీసరుకి వినబడకూడదని, పాఠం పైకి చదవమంది అమ్మా. అందరూ అరిచి చదివారు. మాకు వాళ్ళు వినబడుతున్నారు. వాళ్ళకి మేం వినబడుతున్నాం. సోడా పెదాలు నీలంగా అయిపోయాయి. నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగిపోయేలా పట్టుకుంది." మోచెయ్యి చూపించింది. నాలుగు ఎర్రటి గాట్లు. "అప్పుడు తన్నాను. ఒక్కదాన్నే కాదు, అందరం తోశాం. కానీ కింద తన్నింది నేను. బందు దగ్గర తన్నితే ఊడుతుందని నాకు తెలుసు కదా. నువ్వు పనిచేస్తుంటే చూశాను కదా నాన్నా."

మేస్త్రి గోడకు జారగిలబడ్డాడు.

"కానీ నువ్వు చేసిన తలుపు కదా, తొందరగా ఊడలేదు."

ఆ మాటలో దెప్పిపొడుపు లేదు. ఉన్న సంగతి చెబుతున్నట్టే చెప్పింది. అందుకే అతనికి ఇంకా లోతుగా దిగింది.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు.

"ఆ గదిలో ఉన్నవాళ్ళు తుక్కు సరుకని నువ్వే అన్నావు. అందరూ నవ్వారు. ఎలా చెప్పను?" పిట్ట ఇప్పుడు తండ్రి వైపే తిరిగింది. "తొమ్మిదిలో మార్కుల్ని బట్టి బల్లలు మార్చేవాళ్ళు నాన్నా. ప్రతి నెలా. నేను ఒక్కసారి జ్వరమొచ్చి వెనక్కి వెళ్ళాను. వెనక్కి వెళ్ళాక ఏ టీచరూ నన్నేం అడగలేదు. నేను చెయ్యెత్తినా చూడలేదు. కొన్నాళ్ళకి చెయ్యెత్తడం మానేశాను. ఆ వెనక గదిలో వేశాక సైన్స్ టీచరు ఒక్కరోజు కూడా రాలేదు. రాసిందే యాభై సార్లు రాయడమే. ఇవాళ నువ్వు వచ్చి పెద్ద స్క్రూలు బిగించావు. ఏనుగు తన్నినా ఊడదన్నావు. సోడాకి మళ్ళీ ఆయాసం వస్తే ఎలా నాన్నా?"

మేస్త్రి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆ చేతులకి పొద్దుటి జిగురు ఇంకా అంటుకునే ఉంది.

భార్య అతని ఎదురుగా వచ్చి కూర్చుంది. "సంతకం పెట్టేముందు నాకొక్క ఫోన్ చెయ్యాలనిపించలేదా మీకు?"

"సారు కుర్చీ వేసి..."

"కుర్చీ వేస్తే కూతుర్ని రాసిచ్చేస్తారా?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది, కూతురి చెంప మీద తన వేళ్ళ గుర్తులు కనిపించి చూపు తిప్పుకుంది. "లేవండి. జాబితా రేపు మధ్యాహ్నం కదా వెళ్ళేది? లేవండి ముందు."

*

బడిలో ప్రిన్సిపాల్ తన ఇంటికి బయల్దేరబోతూ వాళ్ళని చూసి ఆగాడు. ఈసారి కుర్చీలు చూపించలేదు.

"కాగితం ఇచ్చేయండి సార్," అంది ఆమె. "కుటుంబ కారణాల వల్ల అని రాశారట. మా కుటుంబంలో ఏ కారణమూ లేదు. మా పిల్ల పరీక్ష రాస్తుంది."

"అమ్మా, రాస్తే తప్పుతుంది."

"తప్పనివ్వండి. తప్పితే మా పిల్లే కదా తప్పేది!"

"మీకు ఒక్క పిల్ల. నాకు రెండొందల కుటుంబాలు. రేపు ఫలితం ఒక్క శాతం తగ్గితే, వచ్చే ఏడాది పిల్లలు చేరరు. టీచర్లకు నేను ఏం చెప్పాలి?" ఆయన నిజంగానే అలసిపోయి ఉన్నాడు. తప్పు చేస్తున్నానని అనుకునే మనిషి కాదు, అదే అసలు భయం. "మేస్త్రీ, మీరైనా చెప్పండి."

మేస్త్రి జీవితంలో మొదటిసారి ఆ గదిలో గొంతు పెంచాడు. "ఆయాసంతో పిల్ల కొట్టుకుంటుంటే గట్టిగా చదివించారట కదా సార్. ఈ సంగతి ఆ ఆఫీసరుకి తెలుసా?"

ప్రిన్సిపాల్ కిటికీలోంచి బయటికి చూశాడు. తర్వాత సొరుగు తీసి, కాగితాల కట్టలోంచి ఒకటి లాగి బల్ల మీద పెట్టాడు. "తీసుకోండి. మీ అమ్మాయి పేరు జాబితాలో ఉంటుంది. మీరు మా మనిషి కాబట్టి. కానీ మొన్నటి సంగతి ఈ గది దాటకూడదు. మిగతావాళ్ళ విషయం మీకు అనవసరం. ఒప్పుకున్నట్టేనా?"

కట్టలో పది కాగితాలు మిగిలాయి. ఆయన సొరుగు మూశాడు. మేస్త్రి ఆ ఒక్క కాగితం అందుకుని గబగబా నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. తల కూడా ఊపాడు. భార్య అది చూసింది, ఏమీ అనలేదు. ఆమెకీ ఆ క్షణంలో తన పిల్ల తప్ప ఇంకేమీ కనబడలేదు. అది తప్పని ఎవరంటారు?

గేటు బయట పిట్ట ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"వచ్చేసింది," అన్నాడు మేస్త్రి. గుండెల మీంచి బరువు దిగి, నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది. "పరీక్ష రాస్తావు. ఫెయిలైతే అవుతావు. ఫెయిలైనా మా పిల్లవే. ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనరు. నా మీద ఒట్టు."

"సోడాది?"

"ముందు మన సంగతి చూసుకోనీ తల్లీ. వాళ్ళ సంగతి వాళ్ళ అమ్మా నాన్నా చూసుకుంటారు."

పిట్ట కదల్లేదు. "మిగతా పదిమందీ రేపట్నుంచి రారు. ఆ గదిలో నేనొక్కదాన్నే కూర్చోవాలా నాన్నా?"

మేస్త్రి నవ్వు ఆగిపోయింది.

"నేనొక్కదాన్నే ఉంటే, గడియ పెట్టినప్పుడు తలుపు ఎవరు తోస్తారు?"

రోడ్డు మీద బస్సులు వెళ్తున్నాయి. పనుల నుంచి ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు వాళ్ళని తప్పించుకుని నడుస్తున్నారు. మేస్త్రి వెనక్కి తిరిగి, పై అంతస్తు కిటికీలు చూశాడు. తర్వాత కూతురి ముందు వంగి, వీపు చూపించాడు.

"ఎక్కు. ఆ కాలితో నడవలేవు. సోడా వాళ్ళిల్లు ఎటో చెప్పు."

*

రెండు వీధులవతల, రేకుల కప్పు ఉన్న ఒంటిగది ఇల్లు. గుమ్మం పక్కనే బండి. బండి మీద మిగిలిపోయిన కూరగాయల మీద ఒకావిడ తడి గోనెపట్టా కప్పుతోంది. పిట్టను చూడగానే పట్టా వదిలేసి పరుగున వచ్చి, తండ్రి వీపు మీంచి దించి, గుండెలకు హత్తుకుంది.

"నా తల్లే! నా బంగారు తల్లే! నువ్వు లేకపోతే నా పిల్ల దక్కేది కాదు. మా అమ్మాయి మొత్తం చెప్పింది. ఇప్పుడే నిద్రపోయింది, లేపనా?"

"వద్దు ఆంటీ. పడుకోనీ."

ఆవిడ మేస్త్రి వైపు తిరిగింది. "నువ్వు వీళ్ళ నాన్నవా అన్నా? ఎలాంటి పిల్లని కన్నావన్నా! కాలు విరిగినా లెక్కచెయ్యకుండా తన్నిందట. ఆ తలుపు చేసినవాడెవడో, వాడి చేతులు..." అని శాపనార్థం మొదలుపెట్టబోయింది.

భార్య గబుక్కున అతని మోచెయ్యి పట్టుకుంది. చెప్పొద్దని పట్టుకుందో, తోడుగా పట్టుకుందో ఆమెకే తెలియదు. తలుపు వడ్రంగి చేశాడు, ఏ వడ్రంగో ఈవిడకి తెలియాల్సిన పనేముంది? వచ్చిన పని వేరే. ఆ పని చెప్పేసి వెళ్ళిపోవచ్చు.

"నేనేనమ్మా," అన్నాడు మేస్త్రి. "ఆ తలుపు నేనే చేశాను. గడియ కూడా నేనే పెట్టాను. ఇవాళ పొద్దున మళ్ళీ వెళ్ళి పెద్ద స్క్రూలతో బిగించి వచ్చింది కూడా నేనే. మీ అమ్మాయి లోపల కూర్చుని ఉందమ్మా అప్పుడు. మా అమ్మాయి కూడా ఉంది."

ఆవిడ ముఖంలో రంగు మారింది. పిట్టను పట్టుకున్న చేతులు వదల్లేదు, కానీ చూపు అతని మీదే ఉండిపోయింది.

"పిల్లలుండే గదికి బయట గడియ ఎందుకని అడగలేదా అన్నా?"

"అడగలేదమ్మా."

"ఒక్క మాట కూడా అడగలేదా?"

"లేదు."

లోపల మంచం మీద పిల్ల ఊపిరి గరగరమంటూ వినబడుతోంది. ఆవిడ అటు చూసింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

"నేనూ అడగలేదన్నా. నిన్న పిలిచి కాగితం ముందు పెట్టారు. ఊపిరాడక చావబోయిన పిల్లని పక్కన పెట్టుకుని, నేను సంతకం పెట్టి, సారుకి దండం పెట్టి వచ్చాను."

ఆ మాటతో మేస్త్రికి దుఃఖం ఇక ఆగలేదు. నడి వీధిలో, బండి పట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. దారినపోయేవాళ్ళు ఆగి చూశారు. పిట్ట కుంటుకుంటూ వెళ్ళి తండ్రి చొక్కా పట్టుకుంది. ఏడవద్దని అనలేదు.

"రేపు పొద్దున సంతకాలు పెట్టిన అందరం కలిసి వెళ్దామమ్మా," అంది మేస్త్రి భార్య, తన కళ్ళు తుడుచుకుంటూ. "కాగితాలన్నీ వెనక్కి ఇచ్చేదాకా అక్కడే కూర్చుందాం. ఇవ్వకపోతే ఆ ఆఫీసరు దగ్గరికి వెళ్దాం."

"ఇస్తారా?"

"తెలియదమ్మా. ఇస్తారో లేదో తెలియదు."

ఆవిడ పట్టా సరిగ్గా కప్పి, దానిమీద రాళ్ళు పెట్టింది. "ఎన్నింటికి రమ్మంటారు?"

"ఎనిమిదింటికి," అన్నాడు మేస్త్రి, ముక్కు చీదుకుని. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి రెండుగా చింపాడు, మళ్ళీ నాలుగుగా చింపాడు. కూతుర్ని వీపు మీదికి ఎక్కించుకున్నాడు. తర్వాతి ఇల్లు రైలు గేటు అవతలట. దారి పిట్టకు తెలుసు.

ఇంకా తొమ్మిది ఇళ్ళున్నాయి. ఆ తలుపు నేనే చేశానన్న మాట అతను ఇంకా తొమ్మిది గుమ్మాల్లో చెప్పాలి.